మూగ కంప్యూటరుకు పరామర్శ

మా పెడనలో ఇప్పుడు మాట్లాడని వస్తువు లేదు. నా చెప్పులు కూడా గడప దాటేటప్పుడు కుడిది ముందా, ఎడమది ముందా అని పోట్లాడుకుంటాయి. మాట రానిది మా ఆవిడ నాంచారమ్మ పాత కంప్యూటరొక్కటే. ఆవిడ జీవితమంతా గీసిన కలంకారీ పూల నమూనాలు దాని కడుపులోనే ఉన్నాయి.

కొన్నాళ్లుగా అది ఒకపూట లేస్తుంది, పని మధ్యలో పడిపోతుంది. మరోపూట అసలు లేవదు. పాడైన వస్తువును చెత్తబండి పట్టుకుపోవాలని ఊరి కట్టుబాటు. ఆ బండి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఇంట్లో వస్తువులన్నీ పరామర్శ మొదలుపెట్టాయి.

“వేడి చేసింది వదినా,” అంది ఫ్రిజ్.

“కాదత్తా, కరెంటు చాలడం లేదు,” అంది ఫ్యాను.

“మా ఎదురింటి కంప్యూటరూ ఇలాగే పోయింది,” అని తలుపు నిట్టూర్చింది.

“నోళ్లు ముయ్యండర్రా! రోగిని కూడా కాస్త చెప్పనివ్వండి,” అని కసిరి, నాంచారమ్మ మీట నొక్కింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పుడు కంప్యూటరు లోపలినుంచి సన్నగా కూత వినబడింది: ఒకటి పొడుగ్గా, మూడు పొట్టిగా.

“మెమరీ ముక్కలంట,” అంది నాంచారమ్మ. దానితో కలిసి ముసలిదైన మనిషి, దాని భాష ఆవిడకు కాక ఇంకెవరికి తెలుస్తుంది!

డబ్బా విప్పి, ఆ రెండు ముక్కలూ ఊడదీసి, పెన్సిలు రబ్బరుతో వాటి పళ్లు తోమింది. ఒక్కొక్కటే పెట్టి చూసింది. మొదటిదానితో మళ్లీ అదే కూత. రెండోదానితో తెర వెలిగి, ఆవిడ పూలన్నీ విచ్చుకున్నాయి.

ఖాళీగా పోవడం బండికి నామోషీ అయింది.

“పాతవి ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?” అని అడిగింది.

నాంచారమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“లేవు. ఇది ఇంకా పనిచేస్తోంది,” అంది.

ఆ మెప్పు నేను పెడనంతా తిరిగి చెప్పుకున్నాను.