రెండో తాళంచెవి

కామయ్య పాత వ్యాను తాళాలు పోయాయి. కొత్త లాకులు కొనే స్తోమత లేక, ఆత్మకూరులో మెకానిక్ మస్తాన్ చేత తుక్కుబండి లాకులు వేయించుకున్నాడు. సోమశిల డ్యాం నీళ్లలో మునిగిన బండి అది.

"ఏంది మస్తానూ, ఒకటే తాళంచెవి ఇచ్చినావు?"

"రెండోది ఆ బండి ఓనరు జోబిలోనే పోయింది మామా. బండి దొరికింది గానీ ఆయన దొరకలా."

చవగ్గా వచ్చింది, అదే చాలనుకున్నాడు కామయ్య.

చీకటి పడ్డాక ఉదయగిరి దారిలో ఇంజిన్ ఆగిపోయింది. చుట్టూ కంపచెట్లు. ఫోనుకు సిగ్నల్ లేదు. అరిచినా పలికే దిక్కు లేదు. తలుపులన్నీ లాక్ చేసుకుని కూర్చున్నాడు.

వాన లేదు. అయినా బయట ఎవరో తడికాళ్లతో నడిచి వస్తున్న చప్పుడు. అది అతని తలుపు దగ్గరే ఆగింది. లాకులోకి తాళంచెవి దూరింది.

కామయ్య లాకు బుడిపెను రెండు చేతులా అదిమిపట్టాడు. అది అతని వేళ్ల కింద నింపాదిగా పైకి లేస్తోంది.