అచ్చుతప్పు

మొదటి పూజ ముగించుకుని ఫాదర్ బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చేసరికి, ఎవరో పెద్దావిడ ఆయన ప్రసంగం కాగితం మీద పెన్సిల్‌తో ఏదో గీస్తోంది.

ఫాదర్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఈ చర్చికి వచ్చి నెల కాలేదు, అప్పుడే దిద్దేవాళ్లు తయారు!

“ఏంటమ్మా ఆ పని?”

“అచ్చుతప్పు ఉంది ఫాదర్.”

“తప్పా? నిన్నంతా కూర్చుని నేనే టైపు చేసుకున్నాను. మూడుసార్లు చూసుకున్నాను.”

ఆవిడ కాగితం ఆయన చేతికిచ్చింది. ‘ఊపిరి మిషన్ తీసేయమనడమంటే చంపడమే’ అన్నచోట ‘చ’ కొట్టేసి, పైన ‘ప’ రాసింది.

“ఇది అచ్చుతప్పు కాదు. నేను కావాలనే రాసిన మాట!”

“అందుకే ఫాదర్, పెన్సిల్‌తో దిద్దాను. పెన్నుతో అయితే మీకు కోపమొస్తుందని.”

కోపం పెన్సిల్‌కే వచ్చేసింది.

ఆ వారం ఎక్కడ చూసినా అదే గొడవ. బాగుపడని రోగికి సూది వేసి ప్రాణం తీయొచ్చా, మిషన్ తీసేయొచ్చా అని టీవీల్లో గొంతులు చించుకుంటున్నారు. ఆదివారం ప్రసంగంలో దీని గురించి చెప్పమని బిషప్‌గారి ఉత్తరం వచ్చింది. మన ఫాదర్ ఉత్సాహం కొద్దీ సూదినీ మిషన్‌నీ ఒకే గాటన కట్టేశారు.

“రెండో పూజకి టైలరమ్మ వస్తుంది,” అంది పెద్దావిడ. “మీకు తెలుసుగా?”

తెలుసు. టైలరమ్మ తండ్రి పద్దెనిమిది రోజులుగా మిషన్ మీద ఉన్నాడు. ఇక లాభం లేదు, తీసేయమంటారా అని డాక్టర్లు అడిగారు. ఈ మధ్యాహ్నంలోగా ఆమె ఏదో ఒకటి చెప్పాలి. ఏం చేయాలని ఫాదర్‌ని అడిగితే, ఆదివారం ప్రసంగం వినమ్మా అన్నారాయన.

“సూదేసి ప్రాణం తీయడం పాపమే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ పెద్దాయన బయల్దేరిపోయాడు ఫాదర్. మనమే చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్నాం. ఉన్నవాణ్ణి గెంటితే పాపం గానీ, వెళ్లేవాణ్ణి సాగనంపితే పాపమేంటి?”

“మంచాన పడ్డ మనిషి బరువైపోతే అందరికీ ఇలాంటి తియ్యటి మాటలే దొరుకుతాయి,” అన్నారు ఫాదర్. “మీరెవర్ని పంపించేశారో నాకు తెలీదు. ముందు మీ పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోండి.”

పక్కనే ఉన్న, చర్చి పనుల్లో ఫాదర్‌కి సాయపడే ఉపదేశి ఏదో చెప్పబోయారు. ఫాదర్ చూపుకి నోరు మూసుకున్నారు.

పెద్దావిడ ముఖం చిన్నబోయింది. ఆ మాట ఆమెకి గట్టిగానే తగిలింది.

“ఆ పిల్ల ముందు వరసలో కూర్చుంటుంది. దాని ముఖం చూసి చదవండి ఫాదర్, చాలు,” అని వెళ్లిపోయింది.

రెండో పూజ మొదలైంది. ప్రసంగం సాఫీగానే సాగింది, ఆ వాక్యం వచ్చేదాకా.

ఫాదర్ తలెత్తారు. ముందు వరసలో టైలరమ్మ. రెప్ప వేయకుండా ఆయన నోటివంకే చూస్తోంది.

ఫాదర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఫలితం లేని వైద్యాన్ని వద్దనుకోవడం హత్య కాదని ఫాదర్ కావడానికి చదివే రోజుల్లో తను నేర్చుకున్నదే. టీవీల గొడవలో పడి మర్చిపోయారంతే. సిగ్గేసింది.

కాగితం మడిచి పక్కన పెట్టారు.

“ప్రాణం తీయడం ఎప్పుడూ తప్పే. కానీ ఇక పనిచేయని వైద్యాన్ని ఆపడం ప్రాణం తీయడం కాదు. వెళ్తున్నవాళ్ల చేయి వదలకుండా సాగనంపడం. పొద్దున పూజలో నేను తప్పు చెప్పాను. అది విన్నవాళ్లు మీ ఇళ్లల్లో ఉంటే, ఫాదర్ మాట మార్చాడని చెప్పండి.”

టైలరమ్మ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

ఆ సాయంత్రం ఆమె తండ్రి కన్నుమూశాడు. ఒక చేయి కూతురు పట్టుకుంది, రెండోది ఫాదర్ పట్టుకున్నారు. ఆమె బాగా ఏడ్చింది. కానీ “నేనేం చేశాను ఫాదర్” అని మాత్రం అడగలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఫాదర్ ఉపదేశిని పక్కకి పిలిచారు.

“ఆ పెన్సిల్ ఆవిడ ఇల్లెక్కడ? క్షమాపణ చెప్పుకోవాలి.”

“ఆవేళ చెప్పబోతే మీరు కళ్లతోనే కాల్చేశారు. పదండి.”

రెండు వీధులు దాటి, మేడమీద చిన్న వాటా. పెద్దావిడ తలుపు తీసింది. ఆశ్చర్యపోలేదు, కోప్పడనూ లేదు.

“వేళకి వచ్చారు ఫాదర్. రండి, అటువైపు పట్టుకోండి. పక్కకి తిప్పాలి.”

మంచం మీద నలభై ఏళ్ల మనిషి. చుట్టూ ఏ మిషనూ లేదు. ఊపిరి తనంతట తనే తీసుకుంటున్నాడు.

ఫాదర్ అంగీ చేతులు పైకి మడిచి, అతని భుజం కింద చేయి పెట్టారు. ఇద్దరూ కలిసి తిప్పారు. అతని వీపు మీద ఒక్క పుండు కూడా లేదు.

“అమ్మా, ఆ రోజు నేనన్న మాట...”

“తర్వాత ఫాదర్. ముందు ఆ దిండు సర్దండి. ఒరేయ్, ఫాదర్ వచ్చారు, చూడు.”

అతని కళ్లు మెల్లగా ఫాదర్ వైపు తిరిగాయి. ఫాదర్ కళ్లు నిండిపోయాయి.

“డాక్టర్లు ఏమంటారమ్మా?”

“వాళ్లు ఏనాడో ఆశ వదిలేసుకోమన్నారు,” అంది ఆవిడ, కొడుక్కి దుప్పటి కప్పుతూ. “వీడేమో ఉంటానన్నాడు ఫాదర్, పదకొండేళ్లుగా ఉండరా అనే అంటున్నాను.”