అద్దం మాస్కు

"నీ ఒక్కదాని కోసం ఆఫీసంతటికీ అద్దం మాస్కులు కొనాలా? భలే దానివమ్మా!" అంటూ మేనేజరు వీడియో మీటింగులో కెమెరా ముందే రెండు చేతులూ ఎత్తేశాడు.

సోమవారం నుంచి అందరూ ఆఫీసుకు రావాలి, మూతికి మాస్కు తప్పనిసరి. షాంపూ సీసాల లేబుళ్ళు గీసే ఈ అమ్మాయికేమో చెవులు వినపడవు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. లాక్‌డౌనంతా వీడియోలో అందరి మొహాలూ కనపడి పని హాయిగా సాగిపోయింది. ఇప్పుడు మూతులు మూస్తే ఆమె కొంప మునిగినట్టే.

"నోటి దగ్గర అద్దంలా కనిపించే ప్లాస్టిక్ ఉన్న మాస్కులు దొరుకుతాయి సార్. లేదంటే మీటింగులు ఇలాగే వీడియోలో పెట్టండి" అని చాట్‌లో టైపు చేసింది.

"వీడియోలో మాత్రం ఈ అమ్మాయికి ఏం ఒరుగుతోంది మేడం?" మేనేజరు యజమానురాలికి విన్నవించుకున్నాడు. "గంగిరెద్దులా తలూపుతుందంతే. స్టోర్ రూముకు మార్చేద్దాం. అట్టపెట్టెలు మాట్లాడవు కదా, ఏ ఇబ్బందీ ఉండదు."

తన జోకుకు తనే పడీపడీ నవ్వాడు. అమ్మాయి మొహం మాడిపోయింది.

"ముందు అమ్మకాల సంగతి తేల్చేద్దాం" అని యజమానురాలు మొదలుపెట్టింది. ఆవిడ మొదలుపెడితే ఆపడం ఎవరి తరం? మధ్యలో వంటింట్లో మిక్సీ మోగింది. మేనేజరు చప్పుడు వినపడకుండా మ్యూట్ నొక్కి, కుర్చీలోంచి కదలకుండానే భార్యతో రెండు ముక్కలు మాట్లాడి, మళ్ళీ బుద్ధిగా కూర్చున్నాడు.

చివరికి యజమానురాలు అంది: "అమ్మాయీ, ఇందాకటి నుంచీ ఎవరేమన్నారో రాయి. రాయలేకపోతే స్టోర్ రూమే."

"ఒక్క ముక్క కూడా పొల్లు పోకూడదు!" మేనేజరు హుషారుగా అందుకున్నాడు. ఇక దొరికిపోయిందిలే అనుకున్నాడు.

చాట్‌లో టకటకా వాక్యాలు పడ్డాయి.

"మేడం: నిమ్మరంగు సీసాను ఎవరూ ముట్టుకోవడం లేదు."

"అకౌంటెంటు: పోయిన నెలకన్నా నయమే మేడం."

"మేనేజర్ గారు: ఈవిడ నోటికి మాస్కు కాదే, తాళం వెయ్యాలి. ఈ సుత్తి ఇప్పట్లో ఆగదు గానీ నువ్వు వడ్డించెయ్."

అకౌంటెంటు కిసుక్కుమని, చటుక్కున కెమెరా ఆపేసుకున్నాడు. మేనేజరుకు ముచ్చెమటలు పోశాయి.

"అన్యాయం మేడం! ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? నేనప్పుడు మ్యూట్‌లో ఉన్నాను!"

"అంటే, అన్నారన్నమాట" అంది యజమానురాలు. "సోమవారానికల్లా అందరికీ అద్దం మాస్కులు తెప్పించండి. స్టోర్ రూము తాళం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి."

చాట్‌లో ఇంకో వాక్యం పడింది.

"నాకు మీరందరూ ఎప్పుడూ మ్యూట్‌లోనే ఉంటారు సార్."