తాళ్లు లేని ఉయ్యాల

వస్తువుల్ని గాలిలో నిలిపే సన్నబలం ఇంటింటికీ వచ్చి, తాళ్ల ఉయ్యాలలు అటకెక్కిన కాలం. సత్యవేణి మనవరాలిని ఉయ్యాలలో వేసే రోజు, నట్టింట గాలిలో తొట్టె నిలిచింది. అది కోడలు భ్రమరాంబ తన కార్ఖానాలో స్వయంగా కట్టిన తొట్టె. బలం ఎక్కువైతే పసిదాని నిద్ర చెడుతుందని ఆమె మీటను అట్టడుగుకు తిప్పేసింది.

"అంత తగ్గించేశావేంటే? పిల్ల కిందపడితే?" అంటూ ఆడపడుచు కనకం గుండెలు బాదుకుంది.

"పడదు వదినా. అన్ని బలాల్లోకీ బక్కది భూమి లాగే బలమే. ఇంకే బలాన్నైనా ఎంత పలచన చేసినా, దానికంటే కిందికి దిగదు. లోకసూత్రం ఒప్పుకోదు."

"చెప్పొచ్చావులే! నా మేనకోడల్ని నీ లెక్కల మీద పడుకోబెడతావా?"

పేరంటాళ్ల చూపులన్నీ అత్తగారి మీదికి మళ్లాయి. సత్యవేణి వంటింట్లోకి వెళ్లి, పిల్లకంటే ముందు ఉయ్యాలలో ఆనవాయితీగా వేసే రుబ్బురోలు పొత్రాన్ని రొప్పుతూ మోసుకొచ్చి తొట్టెలో పెట్టింది. తొట్టె కాస్త ఊగింది గానీ అంగుళం కూడా దిగలేదు.

ఆమె పొత్రం తీసేసి, మనవరాలిని పడుకోబెట్టి, కొంగుతో చెమట తుడుచుకుంది.

"ఆ సూత్రం కనిపెట్టింది ఎవరైనా కానీ, ఈ తొట్టె కట్టింది మాత్రం మా కోడలు. ఇక పాట ఎత్తుకోండమ్మా! కనకం, ముందు నువ్వే ఊపు."