కోపం కలిపిన రెడ్ వైన్

కెనడాలోని విండ్సర్ దగ్గర, ఈరీ సరస్సు ఒడ్డున కోదండరామ్ గారి ద్రాక్షతోట. వచ్చిన టూరిస్టులకు వైన్ రుచి చూపించడం నా పార్ట్‌టైమ్ ఉద్యోగం.

"ఈ ఘాటైన రెడ్ వైన్‌లో మూడు రకాల నల్లద్రాక్ష కలుస్తుంది," అని చెబుతూ చెబుతూ ఆ శనివారం ఆగలేకపోయాను. "నాలుగోది, ఈ తోటలోనే హీటర్ లేని గదిలో పడుకునే మెక్సికో కూలీల నెత్తురు!"

గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. కాసేపటికి కోదండరామ్ గారు నన్ను లోపలికి పిలిచారు.

"తీసేస్తే తీసేయండి అంకుల్. ఆ గదికి మాత్రం హీటర్ పెట్టించండి."

"తీసెయ్యడమేంట్రా? టూరిస్టులు పెట్టెలకు పెట్టెలు కొంటున్నారు! ఇక రోజూ ఇదే చెప్పు. హీటర్ సంగతి చూద్దాంలే."

కూలీల కోసమే కదా అని రోజూ అదే చెబుతున్నాను. సీసా మీద ఇప్పుడు పిడికిలి బొమ్మ వచ్చింది. హీటర్ రాలేదు.

నా మాటల్లో మునుపటి కోపం లేదని నిన్న అంకుల్ నాకు వార్నింగ్ ఇచ్చారు.