నాలుగు అంతస్తులు, అరగంట

"తప్పుకోండి, తప్పుకోండి!"

ఆస్పత్రి వరండాలో టైలరమ్మ పక్కకి జరిగేలోపే ఒక పెద్దావిడ భుజం తగిలి, చేతిలోని కాఫీ బట్టల మీద ఒలికింది.

పెద్దావిడ ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. చిన్న డబ్బా ఒకటి గుండెకి హత్తుకుని, లిఫ్టు ముందున్న జనాన్ని దాటుకుని చకచకా మెట్లెక్కిపోయింది.

"ఏం మనిషో! అరవయ్యేళ్లొచ్చినా కుదురు లేదు," అంది టైలరమ్మ.

"అమ్మా, ఆవిడే గెలిచింది," అంది ఆరేళ్ల కూతురు.

"ఎవరి మీద?"

"లిఫ్టు మీద."

కూతురిని ఇంట్లో ఉడత అంటారు. రెండేళ్లుగా రక్త క్యాన్సర్‌కి మందులు వాడుతోంది. రక్తం శుభ్రపడిందని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. అయినా మూణ్ణెల్లకోసారి వీపులో సూది తప్పడం లేదు.

టైలరమ్మ ఒక్క కుట్టు వంకరపోయినా మొత్తం విప్పి మళ్లీ కుట్టే రకం. కాఫీ మరక సంగతి అలా వదిలేస్తుందా? ఫిర్యాదుల పుస్తకం అడిగి మరీ రాసింది: 'పిల్లలు తిరిగే చోట మీ మనిషి గుర్రంలా పరుగెడుతోంది. ఎవరైనా పడితే బాధ్యత ఎవరిది?'

మూణ్ణెల్లయ్యాక మళ్లీ వచ్చేసరికి, ఉడతకి వారం రోజులుగా పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు.

డాక్టరు మొహం కాస్త బిగిసింది. "వీపులోంచి నీళ్లు తీసి చూస్తే తేలిపోతుంది," అన్నారు. తీశారు.

మర్నాడు పిలిచి, "ఏమీ తేలలేదమ్మా. నీళ్లు పట్టిన గొట్టంలోనే కణాలన్నీ చితికిపోయాయి. మళ్లీ తీయాలి," అన్నారు.

"మళ్లీనా? రక్తం బాగానే ఉందిగా డాక్టరుగారూ!"

"రక్తానికీ మెదడుకీ మధ్య గట్టి కాపలా ఉంటుందమ్మా. మనం రక్తంలోకి ఎక్కించే మందుల్ని చాలావరకు అది లోపలికి పోనివ్వదు. చెడ్డ కణాలు ముందే అటు దూరితే, మెదడు పొరల్ని కరుచుకుని, అరకొర తిండితో, నిద్రపోతున్నట్టు కూర్చుంటాయి. మెదడు చుట్టూ ఉండే నీళ్లే వెన్నులోకీ దిగుతాయి. అందుకే వీపులోంచి మందు ఇస్తాం, అక్కడి నీళ్లు చూస్తాం."

"అంత మొండివి గొట్టంలో ఎలా చితికాయి?"

"అదే వాటి తిక్క. లోపల మొండి, బయట సుకుమారం. నీళ్లు తీసిన అరగంటలోపు నాలుగో అంతస్తులో ల్యాబుకి చేరాలి. నిన్న లిఫ్టు దగ్గరే రెండు గంటలు ఉండిపోయింది."

"మోసుకెళ్లే దిక్కే లేదా ఇంత ఆస్పత్రిలో?"

నర్సు అందుకుంది. "ఒకావిడ ఉండేవారండీ, మెట్లమీద పరుగున పోయేవారు. ఎవరో మహానుభావులు పుస్తకంలో రాసిపెట్టారు. పరుగెత్తొద్దని పైనుంచి ఆర్డరొచ్చింది. 'పరుగెత్తనప్పుడు నేనెందుకు' అని వెళ్లిపోయారు."



మళ్లీ సూది. ఉడత పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకుంది.

"అమ్మా, నువ్వు కుట్టు విప్పి మళ్లీ వేస్తావే, అలాగా ఇది?"

"అలాగే బంగారం. మొదటిసారి పాడైంది."

"ఎవరు పాడుచేశారు?"

"నేనే," అంది తల్లి.

గొట్టం మూతపడింది. చూస్తే లిఫ్టు ముందు రెండు చక్రాల మంచాలు, చాంతాడంత వరస. నర్సు పిల్లని వదిలి కదలడానికి లేదు.

"ఇలా ఇవ్వండి," అంది టైలరమ్మ.

"మీరా?"

"మీరు పిల్లని చూడండి. ఎక్కడికి చేర్చాలో నాకు తెలుసు."

డబ్బా గుండెకి హత్తుకుని పరుగెత్తింది. రెండో అంతస్తులో ఎవరికో మోచెయ్యి తగిలింది. "మనిషివా, గుర్రానివా?" అని వెనక నుంచి తిట్టు. ఆగలేదు.

తొమ్మిదో నిమిషంలో గొట్టం ల్యాబులో ఉంది.

మైక్రోస్కోపు ముందున్న అమ్మాయి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక డాక్టరుని పైకి రమ్మంది. ఆయన కూడా వంగి చూశారు.

"ఉన్నాయమ్మా. ఓ పదీ పన్నెండు."

టైలరమ్మ తనూ మైక్రోస్కోపు మీదికి వంగబోయింది.

"కంగారుపడకండి. పదుంటే మనదే పైచేయి, వేలు అయ్యేదాకా ఆగితేనే కష్టం. రేపటినుంచే మందు నేరుగా అక్కడికి, వారానికి రెండుసార్లు. దాక్కున్న చోటు తెలిసిపోయాక ఇక వాటి ఆటలు సాగవు. మీ ఉడత బడికి వెళ్తుంది. నా మాట నమ్మండి."

ఆయన దిగి వెళ్లాక టైలరమ్మ కళ్లు తుడుచుకుని ఆ అమ్మాయి దగ్గరికొచ్చింది.

"ఆ పుస్తకంలో రాసింది నేనేనమ్మా. ఆ ఆయా ఇల్లెక్కడో చెప్పు, కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తాను."

"ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారండీ. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదు."

ఆ అమ్మాయి చిన్నగా అంది:

"ఆవిడ ఆయా కాదండీ, ఈ ల్యాబు పెట్టిన పెద్ద డాక్టరమ్మ, చూపు మందగించి ఒక పాప గొట్టంలో ఒక్క కణాన్ని పోల్చుకోలేకపోయిన రోజున, నన్నీ కుర్చీలో కూర్చోబెట్టి తను డబ్బా అందుకున్నారు."