మే నెలలో కాలువ

ఆ రోజు పటమట ఇంట్లో ముగ్గురున్నారు. ముందుగదిలో ధనశ్రీ, మధ్యగదిలో పేపరు చదువుకుంటూ తాతయ్య వీరభద్రయ్య, లోపలిగదిలో మేనత్త శాలిని. నాన్న బట్టల కొట్టుకెళ్ళాడు.

చనిపోయిన అమ్మను కూడా కలుపుకుంటే నలుగురు. ధనశ్రీ ఎప్పుడూ కలుపుకునేది.

అమ్మ ఆ ఇంట్లో వినిపిస్తూనే ఉండేది మరి. ఆమె మీద అత్త రాసిన వ్యాసం ఎన్నో పత్రికల్లో వచ్చింది. సాయంత్రం సభలో చదవాలని అత్త ఇప్పుడూ లోపలిగదిలో పైకి చదువుకుంటోంది. ఎప్పుడు చదివినా ఆమె గొంతు ఒకేచోట జీరపోతుంది.

అమ్మ పోయేనాటికి ధనశ్రీ పసిపిల్ల. ఇంట్లో ఫొటో కూడా లేదు. అమ్మంటే ఆ వ్యాసమే. ఎన్నడూ నవ్వని మొహం, మోకాళ్ళ దాకా జుట్టు.

మొదటిసారి అచ్చయినప్పుడు ఆ జుట్టు నడుం దాకానే ఉండేది.

ఇదేమిటని అడిగితే, ఆడవాళ్ళ బతుకు గురించి రాస్తే చదివేవాళ్ళ కళ్ళు చెమర్చాలని, లేకపోతే రాయడం దండగని చెప్పింది అత్త.

చచ్చిపోయాక కూడా జుట్టు పెరుగుతుందన్నమాట. ఆ రాత్రి ధనశ్రీ లైటు ఆర్పనివ్వలేదు.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఎవరో ఒకామె. మెడ దాకా కత్తిరించిన జుట్టు, గోళ్ళ సందుల్లో పచ్చరంగు. కొండపల్లిలో బొమ్మలకు రంగులేస్తానని చెప్పి మంచినీళ్ళు అడిగింది. తాగుతున్నంతసేపూ ధనశ్రీ మొహంలోకే చూసింది.

లోపల అత్త గొంతు జీరపోతోంది. "మే నెల మండుటెండలో, నిండుగా పారుతున్న కాలువ ఆమెను తన కడుపులో దాచుకుంది..."

"ఎవరమ్మా పోయింది?"

"మా అమ్మండీ. మా ఊరి కాలవలో దూకింది."

ఆమె నవ్వింది.

"మే నెలలో కాలవలకి నీళ్ళు కట్టేస్తారు గదా అమ్మాయ్. దూకితే మోకాళ్ళు చెక్కుకుపోతాయంతే."

ఎండాకాలం ఊరికెళ్ళినప్పుడల్లా ఆ కాలువ నెర్రెలిచ్చి ఉండటం ధనశ్రీ కూడా చూసింది. పిల్లలు అందులో క్రికెట్ ఆడేవాళ్ళు. ఈ వ్యాసం విని ఎంతోమంది ఏడ్చారు. ఒక్కరూ ఈ మాట అనలేదు. తనకూ తోచలేదు.

"మరి మా అమ్మ ఏమైనట్టండీ?"

"కాలవ గట్టు దాకా వెళ్ళి, దూకకుండా బస్సెక్కేవాళ్ళు కూడా ఉంటారు."

లోపల చదువు ఆగింది. ఎవరితో మాట్లాడుతున్నావని అత్త అడిగింది. ఎవరో ఒకామె, కాలవలో నీళ్ళుండవంటోందని ధనశ్రీ చెప్పింది.

మధ్యగదిలో పేపరు చప్పుడూ ఆగిపోయింది.

"తలుపెయ్యవే," అంది అత్త లోపల్నుంచే. ఎవరొచ్చారో చూడటానికి మాత్రం రాలేదు.

గుమ్మంలో ఉన్నామె చెయ్యి చాచి ధనశ్రీ చెంప తాకబోయింది. ధనశ్రీ వెనక్కి జరిగింది. అందరూ ఏడ్చేచోట నవ్విన మనిషి. అమ్మ చావును అబద్ధం చేస్తున్న మనిషి. భయం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"మా అమ్మ గురించి మీకేం తెలుసండీ? ఆమె మీలా నవ్వేది కాదు."

ఆమె చెయ్యి దించుకుంది.

"నీకు ఆ అమ్మంటే ఇష్టమా?"

ధనశ్రీ తలూపింది.

"సరే. ఆవిడనే ఉండనీ," అంటూ ఖాళీ గ్లాసు చప్పుడు కాకుండా గడప మీద పెట్టింది.

ధనశ్రీ ఆమె మొహం మీదే తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

మధ్యగదిలోంచి తాతయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"వెళ్ళిపోయిందా తల్లీ, మీ అమ్మ?"